ఉప్పు తగలగానే ఆగే మోటారు

భవానీపురంలో మా మేడమీది పోర్షన్ చూడ్డానికి వచ్చేవాళ్ళు ముందు అద్దె ఎంతని అడుగుతారు, ఆ తర్వాత బండి ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతారు. ఆ అమ్మాయి మాత్రం గదుల్లోకి తొంగి కూడా చూడలేదు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, "నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి అండీ?" అంది. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న తెలుగు. చివర అండీ తగిలిస్తే మాటల్లో తప్పులన్నీ మాఫీ అయిపోతాయని ఎవరో చెప్పినట్టున్నారు. నిజమే, అవుతాయి.

"పొద్దున కుళాయి, కృష్ణ నీళ్ళు. మిగతా రోజంతా బోరు. మోటారు నేనే వేస్తాను, నేనే ఆపుతాను. ఇంకెవరూ ముట్టుకోకూడదు" అన్నాను.

రెండు నీళ్ళూ ఒక్కో గ్లాసు అడిగి తాగింది. కుళాయి నీళ్ళకు తలూపింది. బోరు నీళ్ళు కాసేపు నోట్లో ఉంచుకుని మింగి, "మా ఊళ్ళో అయితే ఇవి పండగ నీళ్ళు అండీ" అంది. ఆ బోరు నీళ్ళను మా కోడలు అంట్లు తోమడానికి కూడా తిట్టుకుంటూ వాడుతుంది. పోర్షన్ ఆ పిల్లకే ఇచ్చాను.

ఆమెది సముద్రం మధ్యలో ఉన్న ఒక చిన్న దీవుల దేశం. పేరు రాయను. రాస్తే మనిషిని గుర్తుపట్టేస్తారు, అంత చిన్న దేశం. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు అలాంటి దేశాలు ఉన్నాయనే తెలియదు. మా మనవరాలు ఫోనులో మ్యాపు తెరిచి వేళ్ళతో పెద్దది చేయగా చేయగా, ఆ నీలం మధ్యలో విరిగిన గాజుముక్కలా సన్నగా వంపు తిరిగిన నేల కనబడింది. పొడుగు మన ఊరికి ఈ చివర పటమట నుంచి ఆ చివర ఇబ్రహీంపట్నం దాకా ఉంటుందేమో గానీ వెడల్పు చాలాచోట్ల మా వీధంతేనట. వీధిగుమ్మంలోంచి చూస్తే సముద్రం, పెరటిగుమ్మంలోంచి చూసినా సముద్రమే.

అలాంటి చిన్న దేశాల పిల్లల్ని కొందరిని ఇక్కడి కాలేజీకి పిలిపించి, సైన్సులో, టెక్నాలజీలో వాళ్ళ నేలకు పనికొచ్చేది ఒకటి స్వయంగా తయారు చేయిస్తున్నారు. చదువు చివర పెద్దలు వచ్చి చూస్తారు. నచ్చితే ఆ సామాను వాళ్ళ దేశానికి పంపి, దీవి దీవికీ తిరిగి బిగించే పని కూడా వాళ్ళకే అప్పగిస్తారు. నచ్చకపోతే సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి పోవడమే. ఆమె తయారు చేస్తున్నది మంచినీళ్ళు తోడే చిన్న సోలార్ పంపు.

ఆ పిల్ల పద్ధతి నాకు మొదటి వారంలోనే నచ్చింది. స్నానానికి సగం బకెట్టు. బియ్యం కడిగిన నీళ్ళతో కూరలు కడిగేది, ఆ నీళ్ళు నా కరివేపాకు మొక్కకు పోసేది. నా కాపురంలో నాకంటే తక్కువ నీళ్ళతో రోజు గడిపిన మనిషిని చూడటం అదే మొదలు. కొంచెం పోటీగా కూడా అనిపించింది, దాచడం ఎందుకు.

ఒకరోజు మోటారు వేసి నేను పక్కింటావిడతో మాటల్లో ఉండగా, "అమ్మమ్మగారూ, ట్యాంకు ఏడుస్తోంది అండీ!" అని పైనుంచి పరుగెత్తుకొచ్చింది. ఆ ఆదివారమే రెండు రాగి తీగలూ, ఒక పాత రేడియోలోంచి పీకిన ముక్కలూ, ఒక చిన్న గంటా కలిపి ట్యాంకులో వేలాడదీసింది. నీళ్ళు తీగల్ని తాకగానే గంట మోగుతుంది.

"బానే ఉంది. చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? నువ్వు మీ దేశం పోతావుగా" అన్నాను.

"మీరు అండీ."

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆ గంటను విప్పించి, ముక్కలన్నీ చాప మీద పరిపించి, నాచేత మళ్ళీ బిగింపించింది. నాకు వచ్చేదాకా వదల్లేదు. నేను విసుక్కుంటే అప్పుడు చెప్పింది. వాళ్ళ దీవికి ఒక పెద్ద దేశంవాళ్ళు సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే యంత్రం పంపారట. ఊరంతా దండలు వేసి దింపుకున్నారట. కొన్నాళ్ళకు అందులో ఏదో చిన్న ముక్క పోయింది. ఆ ముక్క ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాడు దీవిలో లేడు. ఓడ ఎప్పుడో గానీ రాదు. "ఇప్పుడు దాంట్లో కోళ్ళు గుడ్లు పెడతాయి అండీ. మంచి గుడ్లు" అంది.

నవ్వుతూనే అంది. కానీ నాకు ఆ రోజు నుంచి ఆ పిల్ల అంటే గౌరవం ఏర్పడింది. చదువుకున్నవాళ్ళు తాము చేయగలిగింది చూపిస్తారు. ఈ పిల్ల తాను లేనప్పుడు అది ఏమవుతుందో ముందు ఆలోచిస్తుంది.

ఇంకో రోజు వరండాలో గాజుగ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. అడుగున ఉప్పు, పసుపు కలిపిన నీళ్ళు. పైన స్పూను వెనక మీదుగా మంచినీళ్ళు జారవిడిచింది. రెండూ కలవలేదు. పచ్చనివి కింద, తెల్లనివి పైన.

"మా దీవి ఇది అండీ. కింద సముద్రం. పైన వాన నీళ్ళు, ఇసుకలో తేలుతూ ఉంటాయి. మెల్లగా తీస్తే తాగొచ్చు. గట్టిగా లాగితే..." అని ఒక స్ట్రా లోతుగా పెట్టి పీల్చింది. పచ్చనీళ్ళు పైకి లేచి అంతా కలిసిపోయింది.

"ఇది మా దొరువే కదే!" అన్నాను.

నాది బాపట్ల దాటాక సముద్రపు ఒడ్డున ఇసుకనేల ఊరు. అక్కడ దొరువులంటే ఇసుకలో ఏటవాలుగా తవ్విన గుంటలు. వాటిలో ఊరిన నీళ్ళతోనే నారుమళ్ళు, కూరపాదులు, పూలతోటలు పెంచుకునేవాళ్ళం, ఇంటికి తాగడానికీ అవే. మా అమ్మ నాకు కడవ ఎలా వంచాలో నేర్పింది. నిలువుగా ముంచకూడదు. పక్కకు వంచి, పైపైన నీళ్ళు వాటంతట అవే లోపలికి వచ్చేలా పట్టాలి. రెండు కడవలు పట్టాక దొరువును కాసేపు వదిలేయాలి. ఆత్రపడి అడుగు కెలికితే ఉప్పు ఎక్కుతుంది, వీపు విమానం మోత మోగుతుంది.

నేను చేత్తో ఆ వంపు చూపిస్తుంటే ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. వాళ్ళ అమ్మమ్మ కొబ్బరిచిప్పతో సరిగ్గా అలాగే పడుతుందట. "దెబ్బలు కూడా సేమ్ అండీ!" అంది.

పంపు అప్పటికే కాలేజీలో సిమెంటు తొట్టిలో బాగా పనిచేస్తోంది. దాని పని కూడా చిన్నదే. నీటి మీద తేలుతూ పైపై నీళ్ళే మెల్లగా తోడుతుంది. దాని కింద మా ట్యాంకు గంటలాంటివే రెండు తీగలు వేలాడుతుంటాయి. నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ఆ తీగల మధ్య కరెంటు ఎక్కువ పారుతుంది, మోటారు దానంతట అదే ఆగిపోతుంది. ఉప్పు తగ్గితే మళ్ళీ మొదలవుతుంది. తొట్టిలో పనిచేస్తే చాలదా అని అడిగాను. "తొట్టి నేను చెప్పినట్టు వింటుంది అండీ. నేల వినదు" అంది.

నేను మా తమ్ముడికి ఫోను చేశాను. ఊళ్ళో పొలం, దొరువు వాడే చూసుకుంటాడు.

"మన దొరువులో పంపు పెడతామంటే దేశం కాని దేశం నుంచి మనిషి వస్తోందా!" అని పొంగిపోయాడు. వెనకనుంచి మా మరదలు, "వదినా, ఆ అమ్మాయి పీతలు తింటుందా? కారం తింటుందా?" అని కేక వేసింది.

"తినడానికి కాదే వచ్చేది."

"వచ్చాక తినకుండా ఎట్టా పోద్ది వదినా?"

పెద్దలు ఆ దొరువు దగ్గరికే వచ్చి చూసే రోజుకు ఇంకా వ్యవధి పెట్టుకునే రైలెక్కాం. ఆ పిల్ల ఒళ్ళో పంపు పసిపిల్లలా ఉంది. సీటు కింద పెట్టమంటే పెట్టలేదు.

ఊళ్ళో దిగి నేరుగా దొరువు దగ్గరికి వెళ్ళాం. మా అమ్మ నాటి దొరువు లేదు. దాని స్థానంలో నిలువెత్తు లోతున పెద్ద గుంట, అంచులు నున్నగా చెక్కి, చుట్టూ ముగ్గు వేసి ఉంది. పక్కన ఆయిల్ ఇంజను.

"ఎట్టా ఉందక్కా?" అన్నాడు తమ్ముడు, ఛాతీ విరుచుకుని. "నాచు పట్టిన గుంట చూపిస్తే మన పరువేం కాను? మనుషుల్ని పెట్టి తవ్వించా. నిన్నంతా ఇంజను పెట్టి పాతనీళ్ళు తోడించేశా. చూడు, బోల్డు నీళ్ళు!"

నీళ్ళు నిజంగానే బోలెడు. అద్దంలా ఉన్నాయి. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని దోసిటితో తీసి నోట్లో పోసుకుంది. మింగలేదు. ఇంటివాళ్ళ ముందు ఉమ్మడం బాగుండదని అనుకున్నట్టుంది. బుగ్గలు ఉబ్బించుకుని అలాగే నా వైపు చూసింది. నేనూ ఒక వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. సముద్రం.

"నీ బుర్ర ఏమైందిరా? అమ్మ బతికుంటే ఆ ఇంజనుకు నిన్నే కట్టేసేది" అన్నాను.

"గొప్పగా ఉండాలనేగా అక్కా..." అని వాడు తలకాయ దించుకున్నాడు. మా మరదలు మాత్రం, "ఏం వదినా, ఒక్కరోజు తోడితేనే ఇంతా? రేపటికి ఉప్పు దిగిపోద్దిలే" అంది. దిగదని దానికీ తెలుసు.

ఆ పిల్ల పొద వెనక్కి వెళ్ళి ఉమ్మి వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఇంకో దొరువు చూసుకుందామా అని నేనడిగాను. తల అడ్డంగా ఊపింది. తర్వాత మా తమ్ముడి దగ్గరికి వెళ్ళి, "తాతగారూ, ఇంజను ఎప్పుడు ఆపారు అండీ? తవ్వకముందు లోతు ఎంత?" అని అడగడం మొదలుపెట్టింది. తిడుతుందేమోనని వాడు బిక్కుబిక్కుమంటూ చెప్పాడు. చెప్పిందంతా ఫోనులో ఎక్కించుకుంది.

"తుఫానులో మా దీవి మీదికి అల ఎక్కుతుంది అండీ. బావులన్నీ ఇలాగే అయిపోతాయి. మళ్ళీ మంచినీళ్ళు ఎలా వస్తాయి, అంతదాకా ఎంత తోడొచ్చు, ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలంటే ఒక మంచి బావి పాడు చేయాలి. నేను ఎవరి బావిని పాడు చేస్తాను? ఎవరు ఒప్పుకుంటారు?" అని, మా తమ్ముడి చెయ్యి పట్టుకుని, "మీరు చేశారు అండీ" అంది.

వాడికి అది మెచ్చుకోలో దెప్పిపొడుపో అర్థం కాలేదు. నాకు అర్థమైంది. జరిగిన నష్టాన్ని ఏడ్చి వదిలేయకుండా దాన్లోంచి పని తీసుకునే మనిషి. పొదుపు అంటే నేను ఇన్నాళ్ళూ బియ్యం కడిగిన నీళ్ళే అనుకున్నాను.

అడుగున ఇసుక పోయించి దొరువును పాత లోతుకు తెచ్చాం. పంపు తేలించాం. అది కాసేపు తోడడం, ఉప్పు తగిలి ఆగిపోవడం, చాలాసేపటికి మళ్ళీ కదలడం. తీగలు చెప్పే ఉప్పు లెక్క ఫోనులో పడుతుంది. ఆ పిల్ల ఆ లెక్కను నమ్మి ఊరుకోలేదు, నాలుక కూడా ఒప్పుకోవాలంది. పూటపూటకూ స్టీలు గ్లాసుల్లో దొరువు నీళ్ళు, కాలువ నీళ్ళు, రెండూ కలిపినవి పోసి, ఏది ఏదో చెప్పకుండా అందరిచేతా తాగించేది.

అక్కడ వచ్చింది చిక్కు. మా మరదలు ఏ గ్లాసు తాగినా, "తియ్యగా ఉన్నాయమ్మా" అనేది. మా తమ్ముడు "కొబ్బరినీళ్ళే" అనేవాడు. ఊళ్ళోవాళ్ళు కూడా అంతే. ఇంటికొచ్చిన ఆడపిల్ల కష్టపడుతుంటే ఉప్పగా ఉందని మొహం మీద ఎవరు చెబుతారు? మా వైపు మర్యాద అలాంటిది. ఫోనులో లెక్క ఒకటి, వీళ్ళ నోటి లెక్క ఒకటి. రెండు రోజులకు ఆ పిల్ల గ్లాసులన్నీ నా ముందుకు జరిపింది.

"అమ్మమ్మగారూ, మీరు ఒక్కరే తాగండి అండీ."

"నేనే ఎందుకు?"

"మీరు నన్ను సంతోషపెట్టరు అండీ."

మా మరదలు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నలభై ఏళ్ళ నుంచి నేను అనుకునేది ఈ పిల్ల రెండు నెలల్లో అనేసింది వదినా!"

నేనేమీ అనుకోలేదు. ఆ రోజు నుంచి నాదే నాలుక. "నిన్నటికంటే నయం." "ఏం నయం లేదు." "ఇది కాలువదే, నన్నేం పరీక్షిస్తావు." ఉప్పు మెల్లమెల్లగా దిగుతోంది. పెద్దలు వచ్చే రోజు మాత్రం దానికంటే తొందరగా వస్తోంది. ఆ పిల్ల తిండి తగ్గింది. మా మరదలి పీతల కూర కూడా గిన్నెలో మిగిలిపోయింది. అప్పుడు మా మరదలికి నిజంగా భయం వేసింది.

చెప్పిన రోజుకే ముగ్గురు పెద్దలు కాలేజీ నుంచి కారులో వచ్చారు. తీరా వాళ్ళు దొరువు దగ్గర నిలబడ్డాక మా తమ్ముడు ట్రేలో గ్లాసులు పెట్టుకొచ్చి, "మా దొరువు నీళ్ళండీ, పుచ్చుకోండి" అన్నాడు. వాళ్ళు తాగారు. చాలా బాగున్నాయన్నారు. ఒకాయన ఆ పిల్లకు అభినందనలు కూడా చెప్పబోయాడు.

ఆ పిల్ల ఒక గ్లాసు అందుకుని వాసన చూసింది. తీగలు ముంచి ఫోను చూసింది. నాకు గ్లాసు ఇచ్చింది. నేను ఒక గుక్క తాగాను. బజారులో అమ్మే క్యాను నీళ్ళు. మా తమ్ముడు నా వైపు చేతులు జోడించినంత పని చేశాడు, కళ్ళతోనే. మా మరదలు సరుగుడు చెట్టు చాటుకు తప్పుకుంది.

ఆ పిల్ల ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. పెద్దలు సంతకం పెట్టి కారెక్కేవాళ్ళు. నేను నోరు తెరిచేలోపే ఆమె, "ఇవి క్యాను నీళ్ళు అండీ. తాతగారికి నా మీద ప్రేమ ఎక్కువ. అసలు నీళ్ళు ఇవి" అని దొరువులోంచి స్వయంగా ముంచి ఇచ్చింది, పక్కకు వంచి, పైపైన.

ఒకాయన తాగి ముఖం చిట్లించాడు. అంతలో మోటారు ఆగింది.

"ఆగిపోయిందేంటక్కా? చెడిపోయిందా?" అన్నాడు మా తమ్ముడు హడలిపోయి.

"లేదు తాతగారూ. ఇప్పుడే పని చేసింది అండీ" అంది ఆ పిల్ల.

జరిగిందంతా దాచకుండా చెప్పింది. తవ్వడం, ఇంజను, ఉప్పు, అప్పటినుంచీ ఫోనులో కిందికి దిగుతున్న గీత. ఇవి ఎప్పటికి తాగేలా అవుతాయని వాళ్ళు అడిగితే, తెలియదంది. మీ అంచనా అని గుచ్చి అడిగినా తెలియదనే అంది. ముగ్గురూ అక్కడే, ఎండలో, ఇసుక మీద కూర్చున్నారు. మోటారు మళ్ళీ దానంతట అదే కదిలేదాకా లేవలేదు. అది కదిలాక కాసిని నీళ్ళు పోసి, ఉప్పు తగిలి మళ్ళీ ఆగింది. వాళ్ళల్లో పెద్దావిడ నావైపు తిరిగి, "మీరేమంటారమ్మా?" అని అడిగింది.

"తాగడానికి పనికిరావు. వంగనారుకు పనికొస్తాయి. ఇంజను పెట్టినవాడికంటే ఈ మోటారుకు బుద్ధి ఎక్కువ" అన్నాను.

తియ్యటి దొరువులో పెట్టి ఉంటే ఆ మోటారు రోజంతా తిరిగేది, ఆగడం ఎవరూ చూసేవారు కాదు. వాళ్ళు చూడాల్సింది అదేనని వెళ్ళేముందు వాళ్ళే అన్నారు. వారం తిరక్కుండా కాలేజీకి కబురు వచ్చింది. సామాను పంపుతారు. ఆ పిల్లే బిగించాలి, దీవికి ఇద్దరేసి ఆడవాళ్ళకు విప్పడం, బిగించడం నేర్పాలి. మా మరదలు ఫోనులో ఏడ్చింది. పీతల పచ్చడి పంపుతానంటే విమానంలో ఎక్కించరన్నాను.

దొరువు నీళ్ళు మళ్ళీ తియ్యగా కాకముందే ఆ పిల్ల వెళ్ళిపోయింది. పోర్షన్ తాళం నా చేతికిచ్చి, ట్యాంకు గంటను ఒకసారి నాచేత విప్పించి, బిగింపించి, అప్పుడు ఆటో ఎక్కింది.

వానలు పడ్డాక మా తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, తియ్యగా ఉన్నాయే. ఒట్టు" అన్నాడు. వాడి నాలుక ఎవరిక్కావాలి. నేనే రైలెక్కి వెళ్ళాను. కడవ వంచి పట్టి తాగాను. ఇంకో దోసిలి కూడా తాగాను. మనవరాలు నేర్పినట్టు ఫోనులో మైకు బొమ్మ నొక్కి పట్టుకుని, "తాగొచ్చు" అని ఒక్క మాట చెప్పి పంపించాను. 

జవాబుగా వీడియో వచ్చింది. కొబ్బరిచెట్లు, వెనక సముద్రం, ఒక బావి. బావిలో తేలుతున్న పంపును చూడగానే గుర్తుపట్టాను. అంచున ఒక ముసలావిడ కూర్చుని ఉంది. కొబ్బరిచిప్పను పక్కకు వంచి పైపైన నీళ్ళు పట్టింది. నోట్లో పోసుకుంది. కెమెరా పట్టుకున్న తన మనవరాలి వైపు చూసి, ముఖం ముడిచి, ఏదో ఒక్క మాట గట్టిగా అంది.

"ఇంకా తాగేలా లేవు అంటోంది అండీ" అని ఆ పిల్ల గొంతు.

ముసలావిడ నాకు బాగా నచ్చింది.